ఇచ్చోడకు సైకిల్ మీద ఒడిబియ్యం

కరీంనగర్ నుంచి ఇచ్చోడకు బస్సుల పోతే పొద్దున ఎక్కి పొద్దుగూకే యాల్లకు దిగొచ్చు. సైకిల్ మీద పోతే నాలుగు రోజులు పడ్తదని మేం లెక్కేసినం. ఐదు పట్టింది. బస్సుండంగ సైకిలెందుకని మీరు అడుగుతరు. మా ఇంటామె లచ్చి గూడ అడిగింది, నెలరోజులు అడిగింది. లచ్చికి చెప్పిన జవాబే ముందుగాల మీకు చెప్త, ఆ తర్వాత తొవ్వ సంగతి. రేపటినాడు మీల ఎవలన్న గా తొవ్వ పట్టి పోతే నేను పడ్డ తిప్పలన్న మీకు తప్పుతయ్.

నా పేరు రాజేశం. మాది మగ్గం పని. మా అవ్వ నేను బుడ్డగున్నప్పుడే పోయింది. నన్ను సాదింది మా అక్క నర్సవ్వ. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు అక్క పెండ్లయింది. అత్తగారిల్లు ఇచ్చోడ దాటినంక నాలుగు మైళ్లు లోపలికి, జామ్‌గూడ. అక్క బండెక్కి పోతుంటే నేను వెంట ఉరికిన. పదేండ్లోన్ని. "ఏడువకురా రాజిగా" అంటే, ముక్కు తుడుసుకుంట, "నేను సైకిల్ కొనుక్కొని వస్త, నిన్ను ఎక్కించుకొని మనింటికి తోల్కస్త" అన్నానట. అన్నానట కాదు, అన్న. నాకు మంచిగ యాదున్నది.

మా దిక్కు ఆడిబిడ్డకు పుట్టింటోల్లు ఒడిబియ్యం పొయ్యాలె. పసుపు కలిపిన ఐదు సేర్ల బియ్యం, కుడుకలు, పోకలు, ఎండు ఖర్జూరాలు, ఒక చీర, రవికకు ఒక కనుము ముక్క. పెండ్లయిన సంది లెక్కపెట్టి బేసి ఏడే పొయ్యాలె, సరి ఏడు పనికిరాదు. మూడో ఏడు బాపు పోయించిండు. ఆ నాడు నాకు యాదున్నది బూరెలే. తర్వాత బాపు పోయిండు. నాకు పద్నాలుగేండ్లు. తంతి ఇయ్యాలెనన్న తెలివి లేదు, బస్సు డ్రైవర్‌కు నోటిమాట చెప్పి పంపిన. ఆయన ఎవలికి చెప్పిండో, ఎప్పుడు చెప్పిండో. అక్క వచ్చేసరికి మూడో రోజు, బాపు బూడిదయిండు. గడపల నిలబడ్డది. "నా ఒడి నింపెటోడు పోయిండు. కడసారి మొకం గూడ చూపియ్యకపోతిరి. ఇగ గీ ఇంట్ల నాకేం పని?" అన్నది. మంచినీళ్లన్న తాగకుంట తిరిగి పోయింది.

గా మాటకు తొమ్మిదేండ్లు. నేను పోవాలె, కని మొకం చెల్లలే. మూడో ఏడు తర్వాత ఒక్క బియ్యం గింజ అక్క ఒడిల పడలే. ఇది పదమూడో ఏడు. గిది దాటితే మల్ల రెండేండ్లు ఆగాలె. ఈసారి తలుపు తీస్తదో తియ్యదో, పోయినంక తేలుతది, పోవుడు మాత్రం పోవాలెనని గట్టిగ అనుకున్న. అనుకున్ననాడే పాత సైకిల్ ఒకటి కొన్న.

"ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, తొక్కుడు రాకముందే ఆదిలాబాద్ జిల్లాకు పోతడట" అని లచ్చి గల్లంత చాటింది. అది అబద్ధం. నాకు తొక్కుడు వచ్చు. దిగుడే సక్కగ రాదు.

సోపతికి ఖాజా భాయ్ తయారైండు. మా గల్లీ మొగదల సైకిళ్ల దుకాణం ఆయనదే. కిరాయికి ఇస్తడు, పంక్చర్లు వేస్తడు. నలభై దాటినయ్, పొట్ట జర ముందుకొచ్చింది. "రాజేశం భాయ్, నేను బాగుచేసిన సైకిళ్లు ఊరూరు తిరిగినయ్. నేను మాత్రం ఇరవై ఏండ్ల సంది గీ దుకాన్ల కూసున్న. నీ అక్కకేమోగని, నాకైతే పోవాల్నే" అన్నడు. ఆయన బేగం గూడ నవ్విందట, పొమ్మన్నదట.

ఇగ తొవ్వ తెలవాలె. నక్షాలు మాకు చదవరావు. పదిరోజులు పనైనంక బస్టాండుల కూసొని డ్రైవర్లకు చాయ్‌లు తాగిపిచ్చుకుంట అడిగిన. ఏ ఊరికి ఎన్ని మైళ్లు, నీళ్లేడ దొరుకుతయ్, ఎక్కుడేడ, దిగుడేడ. అడిగింది ఎక్కడ రాసుకోవాలె? సాలోని దగ్గర ఏముంటది, నూలుంటది. గట్టి నూలు పోగు తీసుకొని మైలుకొక ముడి వేసిన. చాయ్ హోటలున్న ఊరికి నీలిపోగు కట్టిన, రాత్రి పండుకునే ఊరికి పచ్చపోగు, ఎక్కుడుంటే ఎర్రపోగు. అంత ఒక కండెకు చుట్టిన. ఇంకొక ఖాళీ కండె పెట్టుకున్న. మైలు దాటంగనే ఒక ముడి గీ కండె మీదికెల్లి గా కండె మీదికి పోతది. పోయేటప్పుడు ఒకటి ఖాళీ అయితది, ఒకటి నిండుతది. వచ్చేటప్పుడు నిండినదాన్ని విప్పుకుంట వస్తే ఇల్లు దానంతటదే వస్తది. ఖాజా భాయ్ చూసి, "వాహ్, నీ తలకాయ గూడ మగ్గమే" అన్నడు.

ఒక్కకాడ దెబ్బతిన్నం. రోడ్డు మీద రాళ్లు మారుస్తున్న కాలమది. పాత డ్రైవర్లు మైళ్లల్ల చెప్తరు, కొత్త కండక్టరు పోరడు కిలోమీటర్లల్ల చెప్పిండు. మెట్‌పల్లి నుంచి ఆర్మూర్ నలభై అన్నడు. నేను నలభై ముడులు వేసిన. "ఏందిది, ఆర్మూర్ మహారాష్ట్రకు జరిగిందా?" అని ఖాజా భాయ్ పరేషానైండు. మల్ల కూసొని పదిహేను ముడులు విప్పినం. వేసుడు అల్కగని విప్పుడు పాణం తీసింది. అంత కలిపి జామ్‌గూడ దాక నూటనలభై రెండు ముడులు.

చీర నేనే నేసిన. ఆకుపచ్చ చీర, మోదుగుపువ్వు రంగు అంచు. కూలి పని అయినంక రోజుకింత నేసిన. సామాన్లు ఒక్కటొక్కటే జమచేసినం. రెండు ట్యూబులు, పంపు, సొల్యూషన్ డబ్బి, రేకు ముక్క, చైను కడియాలు, పానాలు, కంబళ్లు, అటుకులు, సర్వపిండి. ఒడిబియ్యం లచ్చే కొలిచి, పసుపు కలిపి, సంచిల పోసి మూతి కట్టింది. కట్టుకుంట అడిగింది, "అన్నీ యాదికున్నయా? ఏం మర్చిపోలేగద?"

"ఏం మర్చిపోలే."

"మంచిగ సోంచాయించు."

గట్ల ఎనిమిది రోజులు ఒక్కటే అడుగుడు. అన్నం పెట్టుకుంట అడుగుతది, కండెలు చుట్టుకుంట అడుగుతది. నాకు కోపమొచ్చింది. "నెత్తి తినకు. నూటనలభై రెండు ముడులేసినోన్ని, ఇంక ఏం మర్చిపోత?" అన్న. లచ్చి మూతి బిగవట్టుకొని లోపలికి పోయింది. అలిగిందనుకున్న. తర్వాత తెలిసింది, నవ్వు ఆపుకున్నదట.

మాఘమాసంల ఒక పొద్దుగాల ఐదు గంటలకు బయలుదేరినం. నా క్యారియర్ మీద బియ్యం సంచి, హ్యాండిల్‌కు చీర మూట. ఖాజా భాయ్ క్యారియర్ మీద సామాన్ల పెట్టె. సలికి చేతులు కొంకర్లు పోతున్నయ్. గల్లీ మలుపు తిరిగినంక నేను వెనకకు చూసిన, గుంతల పడ్డ. ఖాజా భాయ్ దిగి, బియ్యం సంచిని ముందు లేపి, తర్వాత నన్ను లేపిండు. "ఒడిబియ్యం ముఖ్యం" అన్నడు.

ఏడున్నరకు గంగాధర. నీలిపోగు. హోటల్‌ల చాయ్ తాగినం, అణా అణా. హోటలామె సంచి చూసి, "బియ్యం అమ్మబోతున్నరా?" అన్నది. సంగతి చెప్పిన. ఆమె చాయ్ గిన్నె కింద పెట్టి, "మా అన్న బస్సుల గూడ రాడు, నువ్వు సైకిల్ మీద పోతున్నవా" అని మల్ల అరకప్పు పోసింది. దానికి పైసలు తీసుకోలే.

జగిత్యాల చేరేసరికి రెండున్నర. ముప్పై ముడులు. నాకు కూసునే జాగ మొత్తం పుండయింది. ఖాజా భాయ్ మోకాళ్లు పట్టుకొని రోడ్డు పక్కకు కూలబడ్డడు. రాత్రికి ఒక ధర్మశాలల చాపలిచ్చిన్రు. పడుకున్నదే యాదున్నది, లేచింది యాదిలే. పోయెటోల్లు తెలుసుకోన్రి, మొదటినాడు ముప్పై మైళ్లకు మించి ఆశపడొద్దు.

రెండోనాడు ఆర్మూర్‌ల పండుకోవాలెనని పచ్చపోగు కట్టుకున్నం. మెట్‌పల్లి దాటలే. పొద్దంత ఎదురుగాలి, కోరుట్ల దగ్గర తుమ్మముల్లు. ఖాజా భాయ్‌కి పంక్చరంటే పండుగ. చెట్టు కింద దస్తి పరిచి, పానాలు వరుసగ పెట్టి, నిమ్మలంగ చేసిండు. దిక్కుదిక్కు నుంచి వచ్చి చుట్టు నిలబడ్డరు. ఒకాయన తన సైకిల్ తెచ్చిండు, "భాయ్, జర దీని బ్రేకు చూడు" అన్నడు. ఇంకొకాయన చైను తెచ్చిండు. అయిదు సైకిళ్లు బాగుచేసినంక నేను మొత్తుకున్న, "ఖాజా భాయ్, మనం దుకాణం పెట్టనీకి రాలే." ఆయన చేతులు తుడుసుకుంట, "పని ఎదురొస్తే వద్దంటమా?" అన్నడు. వాళ్లు పైసలియ్యబోతే తీసుకోలే, మక్కపేలాలు ఒడినిండ పెట్టిన్రు. గాడ ముడికి ఒక నల్లపేలిక కట్టిన. పంక్చరైన జాగ యాదికుండాలెనని.

మూడోనాడు చీకటితోనే లేచి తొక్కినం. మోర్తాడ్‌ల చాయ్, పదకొండింటికి ఆర్మూర్. ఆర్మూర్ నుంచి ఉత్తరం దిక్కు పెద్దరోడ్డు. లారీలు పోతుంటయ్, దుమ్ములేస్తది, కని రోడ్డు నున్నగున్నది. బాల్కొండ దాటినంక ఒక లారీ డ్రైవర్ ఆపి, "ఎక్కున్రి, సైకిళ్లు వెనక వేస్త. నిర్మల్ల దించుత" అన్నడు. ఖాజా భాయ్ నా దిక్కు చూసిండు. ఆయన కండ్లల్ల ఆశ కనవడ్తున్నది. నాకూ ఉన్నది. కని పదేండ్లోడు ముక్కు తుడుసుకుంట అన్న మాట ఉన్నదిగద. "వద్దన్నా" అన్న. లారీ పోయినంక ఖాజా భాయ్ రెండు మైళ్లు నాతోని మాట్లాడలే.

సోన్ దగ్గర గోదావరి. వంతెన మీద సైకిళ్లు ఆపి దిగినం. చలికాలం నీళ్లు, తేటగ, రాళ్ల నడుమ పాయలు పాయలుగ పోతున్నయ్. స్నానం చేసినం. ఒడ్డుకు బట్టలు పిండుకుంట ఒక ముసలాయన, "గీ పైన పోచంపాడు కాడ కట్ట కడ్తరట. గప్పుడు మీ కరీంనగర్ దాక నీళ్లొస్తయట" అన్నడు. "ఎప్పుడు?" అంటే, "గది నన్నడుగుతే ఎట్ల?" అన్నడు. రాత్రికి సోన్‌ల ఒక సాలోల్లింట్ల ఉన్నం. మగ్గమున్న ఇంట్ల మాకు కొత్త ఉండదు. మా పోగు నక్షా చూసి ఆ ఇంటాయన అడిగి అడిగి ముట్టుకొని చూసిండు. ఆయన భార్య జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బియ్యం సంచి ఏందని అడిగి, "మీ ఇంటామె రాలేదా?" అన్నది. "సైకిల్ మీద ఎట్లొస్తది?" అన్న. ఆమె ఇంకేదో అనబోయి ఊకున్నది. నాకు గప్పుడు బుగులు పుట్టాల్సింది. పుట్టలే. నాలుగో రొట్టె తింటున్న.

నాలుగోనాడు ఎనిమిదింటికి నిర్మల్. కొయ్యబొమ్మలు చేసే ఊరు. నిర్మల్ దాటంగనే మహబూబ్ ఘాట్. పోగు మీద ఎర్రపోగు కట్టింది గీడనే. ఎర్రపోగు చాలలే, ఎర్ర దస్తి కట్టాల్సుండె. మలుపు మీద మలుపు, ఎక్కుడు మీద ఎక్కుడు. సైకిళ్లు దిగి తోసినం. టేకుచెట్లు ఆకులు రాలుస్తున్నయ్, చప్పుడైనప్పుడల్ల ఖాజా భాయ్ "పులి?" అంటడు. వెనకనుంచి ఒక గోండు పెద్దమనిషి వచ్చిండు. నెత్తికి తెల్లరుమాలు, భుజానికి గొడ్డలి. మా పక్కనుంచి ఉత్త కాళ్లతోని దాటుకుంట పోయి, ముందర ఆగి, మమ్ముల మంచిగ చూసిండు. "సైకిల్ మీరు ఎక్కుతరా, మిమ్ముల సైకిల్ ఎక్కుతదా?" అన్నడు. ముగ్గురం నవ్వినం. ఆయన నా సైకిల్ వెనక చెయ్యేసి పైదాక తోసిండు. తోసుకుంట, "నీ సంచి కారుతున్నది" అన్నడు.

వెనకకు తిరిగి చూసిన. క్యారియర్ ఇనుముకు సంచి రాసుకొని రాసుకొని చిల్లుపడ్డది. పచ్చని గింజలు తొవ్వ పొంట, వెనక మలుపు దాక. నేను రోడ్డు మీదనే కూలబడి ఏరబోయిన. "పడ్డయి పిట్టలకు, ఉన్నయి అక్కకు. లే" అన్నడు ఖాజా భాయ్. తన అంగి చింపి సంచికి అడ్డం కట్టిండు. మంచి అంగి, నిండ రెండేండ్లు కాలే. పిడికెడో రెండు పిడికెళ్లో పోయినయ్. కని నాకు మనసు ఆగలే. ఎత్తి పెట్టుకొని తొమ్మిదేండ్లకు తెస్తున్న బియ్యం, అవి గూడ పూర్తిగ తేలేకపోతినాయని ఏడుపొచ్చింది. ఏడ్చిన. గోండు పెద్దమనిషి బీడీ ముట్టించి నాకిచ్చిండు. నేను బీడీ తాగ. ఆనాడు తాగిన.

నేరడిగొండల బడి అరుగు మీద పండుకున్నం. అయిదోనాడు తొమ్మిదింటికి ఇచ్చోడ, పదిన్నరకు జామ్‌గూడ. బండితొవ్వ, అంత నల్లమట్టి, రెండు దిక్కులా పత్తి చేన్లు. ఇచ్చోడ దాక ఎగిరెగిరి తొక్కినోన్ని, ఊరు కనవడంగనే సైకిల్ దిగి తోసుకుంట నడిచిన. ఖాజా భాయ్‌తోని, "తలుపు వేసుకుంటే?" అన్న. "వేసుకుంటే అరుగు మీద కూసుందాం. ఐదు రోజులు తొక్కినం, ఐదు రోజులు కూసుందాం. ఫికర్ చెయ్యకు" అన్నడు.

అక్క వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది. చిక్కింది. నెరిసిన వెంట్రుకలు రెండు మూడు కనవడ్తున్నయ్. మమ్ముల చూసింది. చాట ఆపలే.

"ఎవలు గావాలె?" అన్నది.

ఖాజా భాయ్ ముందుకు వచ్చి, "అక్కా, కరీంనగర్ కెల్లి వచ్చినం. గీయన మీ తమ్ముడు. మీరు గుర్తువట్టకున్నా నేను గుర్తువడ్త, ఐదు రోజులసంది చూస్తున్న" అన్నడు. లోపలికెల్లి బావ వచ్చిండు. ఇచ్చోడ అంగట్ల బట్టల మూట పెట్టుకొని అమ్ముతడు, మరాఠీ కలిసిన మాట. "కా బా రాజేశం, ఇన్నొద్దులకు తొవ్వ దొరికిందా? బరా, బరా, రాన్రి" అన్నడు. అక్క లేచి చెంబుతోని నీళ్లు తెచ్చింది. ముందు ఖాజా భాయ్‌కి ఇచ్చింది. నాకు ఇయ్యలే, నా పక్కకు పెట్టింది.

నేను చీర మూట విప్పి ముందర పెట్టిన. చేతిల పట్టుకున్నది. సాలోల్ల బిడ్డ, చీర చూడకుంట ఉండలేదు. అంచు బొటనవేలితోని రాసింది, వెలుగుకు పెట్టి చూసింది.

"ఎవలు నేసిన్రు?"

"నేనే."

"పేక బిర్రుగున్నది." అంచు ఇటు తిప్పి, "గీడ పడుగుల ఒక పోగు తెగింది. అతుకు కనవడ్తున్నది. బాపు గూడ గిట్లనే అతికేటోడు" అన్నది. అని మొకం పక్కకు తిప్పుకున్నది.

గప్పుడు నా నోరు లేచింది. "అక్కా, తంతి ఇయ్యాలెనని నాకు ఎరుకలే. కావాలని చెయ్యలే. తొమ్మిదేండ్ల సంది మొకం చెల్లక రాలే" అన్న.

"పద్నాలుగేండ్లోనికి ఎరుక ఉండదు. ఇరవై ఏండ్లోనికి ఉండాలెగద? ఇరవై రెండేండ్లోనికి? ఒక్క కార్డు ముక్క రాయకపోతివి. బేసి ఏడు వచ్చినప్పుడల్ల తొవ్వల బండి చప్పుడు వింటే చాలు, బయటికొచ్చి చూసేదాన్ని" అన్నది అక్క. గా మాట నాకు తగలాల్సిన కాడ తగిలింది.

బావ ఇద్దరి నడుమ వచ్చి, "బియ్యం తెచ్చిండుగద, ముందు ఆ పని కానియ్యి" అన్నడు. ఇరుగుపొరుగు ఆడోల్లను పిలిచిండు. పీట వేసిన్రు. సంచి విప్పి చాటల పోసినం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు వరుసగ పెట్టినం. అక్క వద్దనలే, కని పీట మీద కూసోలే. పక్కింటి ముసలామె అన్నీ చూసి, "అన్నీ తెచ్చిన్రు. ఇంతకూ పోసేదెవలు?" అన్నది.

"నేనే" అన్న.

"మొగోడు ఒక్కడు పోస్తడా? ఆలుమొగలు కలిసి పొయ్యాలె. నీ ఇంటామె ఏది?" అన్నది ముసలామె.

నేను ఖాజా భాయ్ దిక్కు చూసిన. ఖాజా భాయ్ నా దిక్కు చూసిండు. ట్యూబులు రెండు, పంపు, సొల్యూషన్, రేకు ముక్క, నూటనలభై రెండు ముడులు. పోసే మనిషిని మర్చిపోయినం. ఒడిబియ్యం నాడు మొగోల్లకేం పనుంటది, బూరెలు తినుడే. ఎవలు పోసిన్రో ఏనాడన్న చూస్తేగద.

"యా అల్లా" అన్నడు ఖాజా భాయ్.

ముందు అక్క భుజాలు కదిలినయ్. ఏడుస్తున్నదనుకున్న. తర్వాత చప్పుడొచ్చింది. నవ్వు. పొట్ట పట్టుకొని, అరుగుకు ఒరిగి, కండ్లెంట నీళ్లు కారంగ నవ్వుతున్నది. "ఓ రాజిగా, ఐదు రోజులు తొక్కుకుంట వచ్చి మరదల్ని మర్చిపోయినవారా! పెండ్లికి పోయెటోడు పిల్లిని సంకన పెట్టుకున్నట్టు భాయ్‌ని పట్టుకొచ్చినవు, పెండ్లాన్ని ఇడిసివెట్టినవు!" నన్ను దగ్గరికి గుంజుకొని వీపుల ఒక్కటి చరిచింది. చిన్నప్పటి దెబ్బనే. నేను ఆమె భుజం మీద తల పెట్టి బొలబొల ఏడ్చిన. ఆమె గూడ ఏడ్చింది. మధ్యల నవ్వుకుంట ఏడ్చింది.

ఆఖరుకు కండ్లు తుడుసుకొని, చాటల బియ్యం మల్ల సంచిల పోసింది. ఖాజా భాయ్ చింపిన అంగిముక్కను బిర్రుగ కట్టింది. "ఇగ చేసేదేమున్నది. మరదలు గీడికి రాలే, నేనే గాడికి పోవాలె. పుట్టింటి పీట మీదనే కూసుంట" అన్నది. బావ దిక్కు తిరిగి, "పోయొస్త" అన్నది. అడుగుడు కాదు, చెప్పుడు.

మరునాడు పొద్దుగాల ఆరింటికి వెనుదిరిగినం. క్యారియర్ మీద నేనొక గోనెసంచి మడతపెట్టి వేసిన. అక్క పక్కకు కూసొని, ఒడిల బియ్యం సంచి పెట్టుకొని, ఒక చేత్తోని నా అంగి పట్టుకున్నది. "నువ్వన్నవు యాదున్నదా? సైకిల్ కొనుక్కొని వచ్చి ఎక్కించుకొని తోల్కపోత అన్నవు" అన్నది. నాకొక్కనికే యాదున్నదనుకున్న. ఇచ్చోడ దాక నాలుగు మైళ్లు తొక్కిన. ఐదు రోజులు తొక్కింది ఒక్కటి, గా నాలుగు మైళ్లు ఒక్కటి. పడగొట్టలే. దిగేటప్పుడు మాత్రం ఖాజా భాయ్ వచ్చి పట్టుకున్నడు.

ఇచ్చోడల సైకిళ్లు బస్సు మీద కట్టిపిచ్చినం. నిర్మల్ల బస్సు మారినం. అక్క కిటికీ పక్కకు కూసొని నిండు కండె చేతిల పట్టుకున్నది. ఒక్కొక్క ముడి విప్పుకుంట రెండో కండెకు చుట్టుడు, ప్రతిదానికి అడుగుడు. "గీ ఎర్రపోగు?" "ఘాట్. గీడనే బియ్యం కారినయ్." "గీ నల్లపేలిక?" "ఖాజా భాయ్ దుకాణం పెట్టిన జాగ." మేం గంట గంట తొక్కిన ముడులు ఆమె చేతిలకెల్లి నిమిషం నిమిషానికి పోతున్నయ్. గంగాధర కాడ హోటలామె బయట నిలబడ్డది. నేను కిటికీల నుంచి అక్కను చూపిచ్చిన. గరిట ఎత్తి ఊపింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే యాల్ల. కండె మీద ముడి ఒక్కటి మిగిలింది. మలుపు తిరిగి చూస్తే వాకిలి అలికున్నది, ముగ్గు వేసున్నది, గడపకు పసుపు. లోపల బాపు కాలంనాటి పీట కడిగి తుడిచి పెట్టున్నది. లచ్చి చెంబుల నీళ్లతోని గడప బయటికొచ్చి అక్క కాళ్లు కడిగింది.

నేను నోరు తెరిచి నిలబడ్డ. "మేం వస్తున్నమని నీకెట్ల ఎరుక? అక్క వస్తదని ఎట్ల ఎరుక?" అన్న.

"రెండు రోజులసంది అలుకుతున్న" అన్నది లచ్చి. "నేను లేకుంట ఒడిబియ్యం ఎట్ల పోస్తవో చూద్దామనుకున్న. ఎనిమిది రోజులు అడిగిన, నీకు యాదికి రాలే. నేనే చెప్తే ఏం చేస్తువు? నన్ను బస్సెక్కించి అక్కడ్నే పోయిస్తువు. వదినె గీ గడప తొక్కుతుండెనా?"

అక్క లచ్చిని పట్టుకొని, "గీమె పిల్ల కాదురా, పంతులమ్మ" అన్నది. తొమ్మిదేండ్ల కింద తాగకుంట పోయిన మంచినీళ్లు ఆనాడు రెండు చెంబులు తాగింది.

తెల్లారి పొద్దున అక్క ఆకుపచ్చ చీర కట్టుకొని పీట మీద కూసున్నది. లచ్చి, నేను కలిసి దోసిళ్లతోని పోసినం. ఖాజా భాయ్ బేగం వచ్చింది, ఖాజా భాయ్ కొత్త అంగి తొడుక్కొని వచ్చిండు, గది నిర్మల్ల బస్సు మారేటప్పుడు అక్కనే కొనిపిచ్చింది. నా దోసిట్లకెల్లి గింజలు కింద పడ్తుంటే అక్క, "మెల్లగ పొయ్‌రా, ఘాట్ మీద పోసింది చాలదా?" అన్నది. లచ్చి కొలిచి పోసిన ఐదు సేర్లల్ల పావుసేరు తక్కువైనయ్. ఎవలూ లెక్క చెయ్యలే. అక్క ఒడి మాత్రం నిండింది, మూట కట్టుకొని లేవనీకి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

గీ తొవ్వల పోయెటోల్లు సంచి రెండు పొరలది కుట్టిచ్చుకోన్రి. ఘాట్ పొద్దుగాలనే ఎక్కున్రి. లారీ ఆపితే మీ ఇష్టం, నేను చెప్ప. సోన్ వంతెన మీద మాత్రం దిగున్రి.

అక్క పదిరోజులుండి పోయింది. బస్టాండుల బస్సెక్కుకుంట నా దిక్కు తిరిగింది. "పదిహేనో ఏడు నేనే వస్త. నువ్వు తోల్కపోనీకి రాకు, నీకు ఐదు రోజులు పడ్తది" అన్నది.